రెండు లంకల బిళ్ళలు, ఒక తాటిగుంజ

మార్చి నెల ఆఖరి ఆదివారం, పొద్దున్న ఎనిమిదీ నలభైకి, కొల్లేటి మధ్యలో ఒక తాటిగుంజని బురదలోంచి పైకి లాగారు. ఆ వేళకి నేను తాడేపల్లిగూడెంలో మా చర్చిలో, ఆడవాళ్ళ వైపు రెండో వరసలో ఉండాల్సిన మనిషిని. ఎందుకు రాలేదని పాస్టరుగారు తరవాత అడిగారు. గుంజ లాగుతుంటే చూడ్డానికి వెళ్ళానని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

నేను ఊళ్ళు తిరిగిన దాన్ని కాను. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరుతూ బతికాను. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి కాబట్టి వర్ణనలు నా చేత కావు. చూసింది రాస్తాను, తిన్నది రాస్తాను.

నాతో వచ్చింది రత్నమ్మ. మార్కెట్లో నా పక్క గోనె ఆవిడదే. వరసకి ఏమీ కాకపోయినా ఒకరినొకరం వదినా అనుకుంటాం. మార్కెట్లో రత్నమ్మలు ముగ్గురున్నారు గనక ఈవిణ్ణి కిక్కిసలంక రత్నమ్మ అంటారు. అది అత్తవారి ఊరు. పుట్టింది నత్తలంకలో. రెండూ కొల్లేటిలో ఎదురుబొదురు లంకలే, మధ్య దోనె మీద అరగంట ప్రయాణం. కానీ రత్నమ్మ నత్తలంక గట్టెక్కి నలభై ఏళ్ళు దాటింది. అన్న పోలయ్య అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఏలూరులోనో, ఎవరి పెళ్ళిలోనో కలుసుకుని మాట్లాడుకునేవారు.

ఆ అన్న ఫోను చేశాడు. ఈ ఏడు కొల్లేటిలో నీళ్ళు బాగా లాగేశాయట. వాళ్ళ నాన్న పాతిన గుంజ బయటపడిందట. పడవల కాలవ లోతు చేయడానికి పొక్లెయిన్ వచ్చిందనీ, ఆదివారం గుంజని పీకేస్తారనీ, చూడాలనుంటే ఇప్పుడే రమ్మనీ చెప్పాడు. తన మోకాళ్ళు పోయాయనీ, ఇక ఏలూరు కూడా రాలేననీ అన్నాడు.

రత్నమ్మ ఆ మధ్యాహ్నం పాయల్లో మంచివీ కుళ్ళినవీ ఒకే గంపలో వేసింది. సాయంత్రం గోనె దులుపుకుంటూ, "నాతో వస్తావా వదినా?" అంది. ఆ గుంజకి వాళ్ళ నాన్న పరువు కట్టేసి ఉందని నాకు తెలుసు. వస్తానన్నాను.

రైల్లో

శుక్రవారం పాసింజరు బండి. మా ఎదురుగా గణపవరం ఆయన ఒకడు కూర్చున్నాడు, పేరు సత్యం. యాభై ఏళ్ళుంటాయి, వంటమనిషి. మాల్దీవుల్లో కొన్నేళ్ళు, ఆ తరవాత మారిషస్‌లో కొన్నేళ్ళు హోటళ్ళలో వండాడట. మా జంతికల డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టాను. తింటూ చెప్పాడు.

"రెండూ సముద్రంలో లంకలే అండీ, పిన్నిగారూ. దేనికదే దేశం, దేనికదే డబ్బు. మాల్దీవుల్లో రూఫియా, మారిషస్‌లో రూపాయి. కానీ మన రూపాయి కాదు."

ఒకటి ఇస్తే ఇంకోటి ఎంత వస్తుందని అడిగాను. నాకు ముందు అడగాలనిపించేది అదే. ఆయన వెళ్ళిన కొత్తలో మాల్దీవుల రూఫియా ఒకటికి మారిషస్ రూపాయలు రెండు దాకా వచ్చేవట. ఇప్పుడు మూడు దగ్గరికి పోయిందట. మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండేదట.

"అయితే లాభపడ్డావన్నమాట," అన్నాను.

"ఎక్కడి లాభమండీ. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి మార్చేవాడు నాకు దొరకలేదు. ముందు డాలర్లు చేసుకోవాలి, ఆ డాలర్లు పట్టుకెళ్ళి మళ్ళీ మార్చుకోవాలి. రెండుచోట్లా కోత. వీడి డబ్బు వాడికి నమ్మకం లేదు, వాడి డబ్బు వీడికి నమ్మకం లేదు. మధ్యలో మూడోవాడి డబ్బు కావాలి."

రత్నమ్మ అప్పటిదాకా కిటికీలోంచి చేపల చెరువులు చూస్తోంది. ఈ మాటకి ఇటు తిరిగింది. "మాకు మూడోవాడు లేడండీ. గుంజ ఉండేది," అంది.

ఆయనకి వివరం కావాల్సి వచ్చింది. రత్నమ్మ ఇంత వరసగా చెప్పడం నేను కూడా ఎప్పుడూ వినలేదు. పూర్వం లంకల్లో చిల్లర దొరికేది కాదు. నోటు ఉన్నా మార్చాలంటే ఏలూరు పోవాలి. అందుకని ఏ లంక సంఘం ఆ లంకకి బిళ్ళలు వేసుకుంది. నత్తలంక వాళ్ళది చేపల ఊరు, వాళ్ళది గుండ్రటి రేకుబిళ్ళ. అది ఇస్తే సంఘంలో ఒక బుట్ట చేపలు ఇస్తారు. కిక్కిసలంక వాళ్ళది వడ్ల ఊరు, నీళ్ళు తీసినచోట వరి ఊడ్చుకుంటారు. వాళ్ళది ఇత్తడి పలకబిళ్ళ. దానికి ఒక కుంచం వడ్లు. చేపలవాళ్ళకి వడ్లు కావాలి, వడ్లవాళ్ళకి చేపలు కావాలి. మరి ఏ బిళ్ళకి ఏది ఎంత?

దానికే గుంజ. రెండు లంకల నడుమ కాలవలో తాటిగుంజ పాతి, దానికి కత్తితో కిందినుంచి పైకి నాలుగు కాట్లు పెట్టారు. నీళ్ళు అడుగు కాటు దగ్గరుంటే గుండ్రబిళ్ళ ఒకటికి పలకబిళ్ళ ఒకటి. రెండో కాటు దాకా వస్తే రెండు గుండ్రబిళ్ళలకి ఒక పలక. మూడో కాటైతే మూడు, నాలుగో కాటైతే నాలుగు. నీళ్ళు పెరిగితే చేప పోటెత్తుతుంది, చవకవుతుంది. వడ్లు మునుగుతాయి, ప్రియమవుతాయి. నీళ్ళు తీస్తే తిరగబడుతుంది. పొద్దున్నే రెండు లంకలవాళ్ళూ గుంజ చూసుకుని బేరం మొదలెట్టేవారు. బేరం అనడం కూడా తప్పే, అక్కడ బేరమాడేది ఏమీ లేదు.

సత్యం జంతిక చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "మరి ఇంత బాగున్నది ఎందుకు పోయిందండీ?" అన్నాడు.

రత్నమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "గుంజ దిగిపోయింది," అంది. అంతకంటే చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు, మర్యాద తెలిసినవాడు. దిగేటప్పుడు మా సంచి తనే అందించాడు.

ఏలూరులో

ఏలూరులో స్టేషను బయట పెసరట్టు తిన్నాం. ఉప్మాతో కలిపి అరవై రూపాయలు. గూడెంలో నలభై అయిదుకి ఇంతకంటే వెడల్పుది వస్తుంది. అల్లప్పచ్చడి మాత్రం బాగుంది, ఉన్నమాట చెప్పాలి.

వట్టిచేతులతో వెళ్ళకూడదని పుచ్చకాయలు కొందామన్నాను. బండి దగ్గర నాలుగు కాయలు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అయిదోదానికి గాటు పెట్టించి రంగు చూసి తీసుకున్నాను. బండివాడు ఏమీ అనుకోలేదు. మా మార్కెట్లో అయితే బస్తా అడుగునుంచి పాయ లాగి, అమ్మేవాడి మొహం ముందే కోసి వాసన చూస్తాం. అందులో తప్పేముంది?

రత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ ఎంతైనా తట్టుకో. లంకలో ఎవరైనా ఏదైనా ఇస్తే మాత్రం తట్టకు, వాసన చూడకు, తిప్పి చూడకు. తీసుకుని పక్కన పెట్టుకో అంతే."

"కుళ్ళిందైతే?"

"ఇంటికెళ్ళాక పారేసుకో. ఇచ్చినవాళ్ళ ముందు చూస్తే, నువ్వు దొంగవి అన్నట్టు."

ఇదేం ఆచారమో అనుకున్నాను. తలూపాను గానీ మనసులో పెట్టుకోలేదు. దాని ఫలితం ఆ సాయంత్రమే అనుభవించాను.

దోనె మీద

ఆటో ఆయన కొల్లేటి గట్టు దాకా తెచ్చి, ఇక దారి లేదని దింపేశాడు. అక్కడ కిక్కిసలంక నుంచి యేసోబు దోనె తెచ్చి ఉంచాడు. రత్నమ్మ భర్త బతికున్నప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడట. ఇప్పుడు తనకే జుట్టు నెరిసింది. నన్ను చూసి వందనాలండీ అన్నాడు. మనవాడే అనిపించి ప్రాణం కుదుటపడింది, ఎందుకంటే నాకు ఈత రాదు, దోనె అంచు నీళ్ళకి జానెడు కూడా లేదు.

కొల్లేరంటే సముద్రంలా ఉంటుందనుకున్నాను. అలా లేదు. గుర్రపుడెక్క, కిక్కిసగడ్డి, మధ్యలో నీటి దారి. అటూ ఇటూ కూలిపోయిన చెరువుగట్లు. ఒకప్పుడు గట్లు వేసి చెరువులు చేసుకున్నారు, తరవాత సర్కారువాళ్ళు మిషన్లు తెచ్చి కొట్టేశారు, మళ్ళీ కొందరు వేసుకున్నారు. ఎవరిది తప్పని యేసోబుని అడిగితే, "చెరువున్నవాణ్ణి అడిగితే ఒకటి చెప్తాడు, లేనివాణ్ణి అడిగితే ఇంకోటి చెప్తాడండీ. నాది దోనె," అన్నాడు. గట్లు కొట్టేసిన ఏడే రత్నమ్మా వాళ్ళాయనా పని వెతుక్కుంటూ గూడెం వచ్చారు. నాకు వదిన దొరికింది అందువల్లే.

గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. మూతి కింద సంచీలు వేలాడేసుకుని, బస్సు కోసం ఎదురుచూసే వాళ్ళలా ఉన్నాయి. అవి చూస్తుంటే రత్నమ్మ నా మోకాలు తట్టింది.

కాలవ పక్కన నీళ్ళలోంచి నల్లటి మొద్దు ఒకటి మూరెడు పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"అదే," అంది రత్నమ్మ.

యేసోబు తెడ్డు ఆపాడు. మేం దగ్గరికొచ్చినా ఆ నీటికాకి లేవలేదు. దూరంగా ఆ పక్క నత్తలంక ఇళ్ళు, రేవు మెట్లు కనిపిస్తున్నాయి. ఎవరో ఆడమనిషి బట్టలు ఉతుకుతోంది, చప్పుడు ఆలస్యంగా వినిపిస్తోంది. రత్నమ్మ అటు ఒక్కసారి చూసి, "పోనీ యేసోబూ," అంది. దోనె కిక్కిసలంక వైపు తిరిగింది.

కిక్కిసలంకలో

రత్నమ్మ తోటికోడలు మహాలక్ష్మి ఇంట్లో దిగాం. ఆవిడ నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది. కాళ్ళకి నీళ్ళిచ్చి, అరుగు మీద చాప వేసి, ఉడకబెట్టిన బాతుగుడ్డు నా చేతిలో పెట్టింది.

నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కావాలని కాదు, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. పక్కింటావిడ తల దించుకుంది. మహాలక్ష్మి మొహంలో నవ్వు పోయింది. రత్నమ్మ కలగజేసుకుని, "ఉల్లిపాయల మనిషి మహాలక్ష్మీ. దేవుడి ప్రసాదమైనా వాసన చూస్తుంది," అంది. అప్పుడు మహాలక్ష్మి మళ్ళీ ఇల్లంతా వినిపించేలా నవ్వింది. గుడ్డు మంచిదే. రాత్రికి మట్టగిడస పులుసు పెట్టారు, మామిడికాయ వేసి. గూడెంలో ఐసు పెట్టెల్లోంచి తీసిన చేప తినే నాకు అది వేరే జాతి తిండి. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఈసారి ముక్కు వైపు చెయ్యి పోకుండా చూసుకున్నాను.

శనివారం పనేమీ లేదు. తోటికోడళ్ళిద్దరూ పాత సంగతులు తవ్వుకున్నారు, నేను వింటూ కూర్చున్నాను. ఎక్కువ మాటలు వాళ్ళ మామగారి గురించే. మనిషి మంచివాడేగానీ పిసినారి. దీపం వత్తి కూడా సగానికి కోసి వాడేవాడట. రత్నమ్మ కొత్తకోడలిగా వచ్చేసరికి వంటపాక తలుపుకి ఒక చెక్క లేదు, గొళ్ళెం వేసుకునే కొండీ లేదు. తాడుతో కట్టుకునేవారు. రోజూ కుక్క దూరి చేపలు ఎత్తుకుపోయేది. తలుపు చెక్క ఏమైందని అడిగితే, సంఘం పనికి పోయిందని అత్తగారు చెప్పిందట.

"నేనొచ్చినా తాడే," అంది మహాలక్ష్మి. "ఆ కుక్క పోయింది, దాని పిల్లలు వచ్చేయి. తలుపు మాత్రం బాగవ్వలేదు."

మధ్యాహ్నం మహాలక్ష్మి పడుకున్నాక రత్నమ్మ నాకు మిగతాది చెప్పింది. ముక్కలు ముక్కలుగా ఎన్నోసార్లు విన్నదే, వరసగా ఇదే మొదటిసారి.

గుంజ పాతడం వాళ్ళ నాన్న నాగన్న పని. పద్ధతి ఏమిటంటే, గుంజ నత్తలంక వాళ్ళు తేవాలి. కొల్లేటి బురదలో అది దిగిపోకుండా అడుగున కట్టే అడ్డచెక్క కిక్కిసలంక వాళ్ళు ఇవ్వాలి. ఎవరికీ అనుమానం ఉండకూడదని అలా పెట్టుకున్నారు. రత్నమ్మ పెళ్ళైన ఏడు నాగన్న కొత్త గుంజ పాతాడు. ఆ వానాకాలంలో నీళ్ళు మూడో కాటు చూపించాయి. నత్తలంక వాళ్ళు కుంచం వడ్లకి మూడు బుట్టల చేపలిచ్చారు. కానీ రేవు దగ్గర నీళ్ళు ఎప్పుడూ ఎక్కే మెట్టు ఎక్కలేదని ఆడవాళ్ళు గమనించారు. అంటే పెరిగింది నీళ్ళు కాదు, దిగింది గుంజ. రెండే ఇవ్వాల్సిన చోట మూడు ఇచ్చారు, ఒక పంటకారు పొడుగునా. కొన్ని ఇళ్ళు పస్తులున్నాయి.

అప్పుడు సంఘంలో కుర్రవాడు అప్పారావు లేచి నిలబడి ఒక మాట అన్నాడట. "కూతుర్నిచ్చిన చోటికి చేపలు కూడా ఇచ్చేడు నాగన్న."

దానికి ఊరంతా నవ్విందట. అల్లుడి ఊరికి లాభం చెయ్యడానికి గుంజని రాత్రిపూట దిగ్గొట్టాడని తీర్మానం అయిపోయింది. నాగన్న కాదన్నాడు, ఎవరూ వినలేదు. బిళ్ళలు ఆ ఏడుతో పోయాయి. ఒకరి బిళ్ళ ఒకరు ముట్టుకోలేదు. మా నాన్న దొంగ కాదని ఆ ఊరు చెప్పేదాకా ఆ రేవులో దిగనని రత్నమ్మ ఒట్టు పెట్టుకుంది. తండ్రి పోయినప్పుడు కూడా దిగలేదు. పోలయ్యే శవాన్ని దోనెలో పడుకోబెట్టి గుంజ దాకా తెచ్చాడు. ఈవిడ కిక్కిసలంక దోనెలోంచి చూసింది.

"ఒక్క మెట్టు దిగలేకపోయావా వదినా?" అన్నాను. నాకు అలాగే వచ్చింది నోట్లోంచి.

రత్నమ్మ కోప్పడలేదు. "దిగితే ఒప్పుకున్నట్టే కదా," అంది.

గుంజ దగ్గర

ఆదివారం పొద్దున్నే యేసోబు దోనెలో మేం ముగ్గురం వెళ్ళాం, రత్నమ్మ, మహాలక్ష్మి, నేను. అప్పటికే పాత చెరువుగట్టు మీద పొక్లెయిన్ నిలబడి ఉంది. నడిపేవాడి పేరు శివ, మెట్ట ప్రాంతం వాడు, కామవరపుకోట. ఎర్రమట్టిలో పనిచేసిన మనిషికి ఈ బంకమన్ను చూస్తే భయం. మిషను జారిపోతుందేమోనని తలుపు తెరిచే పెట్టుకుని కూర్చున్నాడు. కొల్లేటిలో మొసళ్ళున్నాయా అని నన్ను అడిగాడు. మొన్ననే వచ్చాను, నన్నింకా ఏదీ తినలేదు అని చెప్పాను.

నత్తలంక నుంచి ఇంకో దోనె వచ్చింది. అందులో పోలయ్య, అతని భార్య సీతమ్మ, తెల్లటి పంచె కట్టిన పెద్దాయన ఒకాయన. పోలయ్యని యేసోబు ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. అన్నాచెల్లెళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. పెద్దాయన మా వైపు రాలేదు. ఆయనే అప్పారావుగారని మహాలక్ష్మి నా చెవిలో చెప్పింది. కాలవ పని ఇప్పుడు ఆయన మీదే ఉందట.

గొలుసు కట్టి లాగితే మొదటిసారి జారింది. శివ మళ్ళీ కట్టించాడు. రెండోసారి గుంజ కదిలింది. బురద దాన్ని వదల్లేక పెద్ద చప్పుడు చేసింది, గూడబాతులన్నీ లేచిపోయాయి. పైకి మూరెడే కనిపించిన మొద్దు, వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. నాలుగు కాట్లూ ఒకటొకటిగా బయటపడ్డాయి. గట్టు మీద పడుకోబెట్టారు.

అడుగున అడ్డచెక్క ఉంది. సగమే ఉంది. రెండో సగం లేదు.

అప్పారావుగారు కర్రతో ఆ చోట గీకి చూశారు. "చెక్క విరిగింది. అందుకే దిగింది," అన్నారు. పోలయ్య మొహం వెలిగింది. ఆయన ఆగి, మళ్ళీ అన్నారు: "పైనుంచి దుడ్డుకర్రతో మోదితే మాత్రం విరగదా?"

పోలయ్య తల దించుకున్నాడు. రత్నమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గుంజ అడుగు దగ్గర చతికిలబడింది. రెండు చేతుల్తో బురద తీయడం మొదలెట్టింది. యేసోబు దోనెలో నీళ్ళు తోడే డొక్కుతో నీళ్ళు పోశాడు. చెక్క మీద దళసరిగా తారు పూసి ఉంది. దాని చివర ఏదో తుప్పుపట్టిన ఇనప ముక్క. రత్నమ్మ వేలు దానిలో దూరింది.

అది కొండీ. గొళ్ళెం తగిలించే కొండీ.

ఆవిడ దాని మీదికి వంగింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. తీరా చూస్తే నవ్వుతోంది.

"మహాలక్ష్మీ, ఇలా రా. మన వంటపాక తలుపు."

మహాలక్ష్మి వంగి చూసింది. "ఓసి దీన్తస్సాదియ్యా," అంది. ఆవిడ నవ్వు నత్తలంక దాకా వినిపించి ఉంటుంది. "కొండీతో సహా ఇచ్చేసేడు ముసలాయన."

అప్పారావుగారికి ఇద్దరూ కలిసి చెప్పారు. కుక్క సంగతితో సహా చెప్పారు. ఆయన కూర్చుని, చెక్క విరిగిన అంచుని బొటనవేలితో నొక్కారు. తడిసిన తవుడులా రాలిపోయింది. కొడితే విరిగిన చెక్కకి పేళ్ళు లేస్తాయి. దీనికి పేడు అనేదే లేదు, చివికి ఊడిపోయింది.

"ఇది మామిడి చెక్క కదండీ," అన్నారు ఆయన, ఎవరితోనో అన్నట్టు. "అడ్డచెక్క తుమ్మది కదా ఇవ్వాలి. నీళ్ళలో మామిడి చెక్క ఎవరైనా వేస్తారా? ఒక్క కారు కూడా నిలవదు."

"తారు పూసేక ఏ చెక్కో ఎవరికి తెలుస్తదండీ," అన్నాడు యేసోబు.

అప్పారావుగారు కర్ర పక్కన పెట్టారు. తరవాత చెప్పారు. ఆ ఏడు కిక్కిసలంక వెళ్ళి ఆ చెక్కని అందుకున్నది తనేనట. రత్నమ్మ మామగారి చేతుల్లోంచే తీసుకున్నారట.

నాకు ఊరుకోవడం తెలియదు. "తట్టి చూశారా?" అని అడిగాను.

ఆయన నా వైపు నిజంగా ఆశ్చర్యంగా చూశారు. "ఇచ్చినదాన్ని తట్టి చూట్టం ఏంటండీ?"

"మా మార్కెట్లో అయితే చూస్తామండీ," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. రెండు ఊళ్ళు ఒకరినొకరు అనుమానించకూడదని చెక్కొకరూ గుంజొకరూ తెచ్చుకున్నారు. అదే మర్యాదకి చెక్కని గోటితో గీరి చూసినవాడు లేడు. ఆ మర్యాద ఖర్చంతా నాగన్న ఒక్కడే కట్టాడు. ఇది నేను అప్పుడు అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

అప్పారావుగారు లేచి నిలబడ్డారు. పంచెకి బురద అంటుకుంది, దులుపుకోలేదు. "నాగన్న కొట్టలేదమ్మా," అన్నారు.

"నాకు తెలుసండీ," అంది రత్నమ్మ. "నాకు చెప్తే ఏం లాభం? ఆ మాట మీరు ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

నత్తలంక రేవు

రెండు దోనెలూ నత్తలంక రేవుకి వెళ్ళాయి. అప్పారావుగారు ముందు దిగి, మెట్ల మీద నిలబడ్డారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. ఆయన దగ్గి, గట్టిగానే చెప్పారు. నాగన్న గుంజని దిగ్గొట్టలేదనీ, అడ్డచెక్క పుచ్చి దిగిందనీ, ఆ చెక్క తెచ్చింది తనేననీ, ఆ రోజు తను అన్న మాట తప్పనీ.

బట్టలు ఉతికే పిల్ల ఒకతె, చేతిలో చీర పిండుతూ, "నాగన్నెవరండీ?" అంది.

నలభై ఏళ్ళు ఒట్టు పట్టుకుని కూర్చున్న మనిషి ఈ మాటకి ఏమైపోతుందో అనుకున్నాను. రత్నమ్మ దోనెలో లేచి నిలబడింది. "మా నాన్న," అంది. "ఇక్కడ గుంజ పాతేవాడు." చెప్పి, యేసోబు భుజం పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టుకి నాచు పట్టి ఉంది. జారబోతే ఆ పిల్లే చీర వదిలేసి చెయ్యి అందించింది.

పోలయ్య ఇల్లు రేవు పక్కనే. సీతమ్మ కొర్రమీను పులుసు, రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు చేసింది. అప్పారావుగారిని కూడా రత్నమ్మే కూర్చోమంది. ఆయన తలెత్తకుండా తిన్నారు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, కాలవ పనయ్యాక గుంజని ఏం చెయ్యమంటావమ్మా అని అడిగారు. కోసి పొయ్యిలో పెట్టుకోమంది రత్నమ్మ. కొండీ మాత్రం తనకి కావాలంది. అది ఇప్పుడు గూడెంలో వాళ్ళింటి పెరటి తలుపుకి ఉంది. గొళ్ళెం సరిగ్గా పడుతోంది.

బయల్దేరేటప్పుడు రత్నమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఇత్తడి పలకబిళ్ళ ఉంది. ఇన్నేళ్ళు పక్క గోనె మీద కూర్చున్నా అది ఉందని నాకు తెలియదు. అన్న చేతిలో పెట్టింది. పోలయ్య లోపలికి కేకేసి, సీతమ్మ చేత పాత డబ్బా తెప్పించి, రేకు గుండ్రబిళ్ళ ఒకటి వెతికి తీశాడు.

"ఒక్కటేనా?" అంది రత్నమ్మ. "ఇవాళ రేటెంత?"

"గుంజ లేదు కదా. ఒకటికొకటే," అన్నాడు పోలయ్య.

రత్నమ్మ ఆ బిళ్ళని తిప్పి చూడకుండా ముడి వేసుకుంది. సీతమ్మ నాకు ఎండు రొయ్యల పొట్లం ఇచ్చింది. నేను కూడా వాసన చూడకుండా సంచిలో పెట్టుకున్నాను. ఏలూరు స్టేషనులో విప్పి చూశాను. మంచివే.

ఆ ఆదివారం గుంజ లాగినప్పుడు అక్కడ ఉన్నవాళ్ళు: మిషను మీద కామవరపుకోట శివ, దోనె యేసోబు, కిక్కిసలంక మహాలక్ష్మి, పోలయ్య, అతని భార్య సీతమ్మ, అప్పారావుగారు, గూడెం ఉల్లిపాయల మార్కెట్టు మార్తమ్మ అనే నేను, ఇంకా నత్తలంక రత్నమ్మ.